తెలుగు మీదుగా ఇంగ్లీషుకు

గోదావరి ప్రశాంతంగా ఉంది. గోదావరి ప్రశాంతంగా పారుతోంది. కోటిపల్లి రేవులో నిలబడిన ఏ పిల్లవాడైనా ఈ రెండు మాటలూ తడుముకోకుండా అంటాడు. రెండింట్లోనూ ‘ప్రశాంతంగా’ అన్నది ఒకే మాట, ఒకే రూపం. ఇవే వాక్యాలను ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం వాడు చిక్కులో పడతాడు. మొదటి చోట ‘కామ్’ అనాలి, రెండో చోట ‘కామ్‌లీ’ అనాలి. మొదటిది విశేషణం, బడిలో అడ్జెక్టివ్ అని చెప్పేది. రెండోది క్రియావిశేషణం, అంటే అడ్వర్బ్. తెలుగు ఒక్క మాటతో నెగ్గుకొచ్చిన చోట ఇంగ్లీషు రెండు మాటలు అడుగుతుంది. ‘ది రివర్ ఈజ్ కామ్‌లీ’ అని రాసిన పిల్లవాడి పేపరు మీద ఎర్రసిరా గీత పడుతుంది. ఆ గీత ఎందుకు పడిందో వాడికి అర్థమయ్యేలా చెప్పేవారు తక్కువ.

ఆ తప్పును కాస్త ఆగి చూస్తే అందులో ఒక క్రమం కనిపిస్తుంది. వాడు పరధ్యానంగా రాయలేదు. పుట్టినప్పటి నుంచి విన్న తెలుగు వ్యాకరణాన్ని నిజాయితీగా ఇంగ్లీషుకు వర్తింపజేశాడు. తెలుగులో ‘గా’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘లీ’ పెట్టాలని ఎక్కడో పట్టుకున్నాడు, అది చాలాచోట్ల నిజమే కనుక ఇక్కడా పెట్టాడు. ఇంగ్లీషు వ్యాకరణంలో విశేషణాల, క్రియావిశేషణాల దగ్గర మన పిల్లలు చేసే తప్పుల్లో చాలా భాగం ఇలాంటివే. అవి తెలుగు లోపల్నించి వస్తాయి. వాటికి మందు కూడా తెలుగు లోపలే ఉంది. ఈ మాట కె.గంగవరం నుంచి చెప్పడానికి ఒక కారణం కూడా ఉంది, అది తర్వాత చూద్దాం.

గౌతమీ తీరాన పొలాలు, కొబ్బరితోటలు, పంటకాలువల మధ్య ఉన్న మండలం కె.గంగవరం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో భాగం. ఈ సీమ నుంచి ఎందరో ఆడవాళ్లూ మగవాళ్లూ గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లారు, వెళ్తున్నారు. చదువుకున్న పిల్లలు హైదరాబాదుకు, బెంగళూరుకు, అమెరికాకు పోతున్నారు. ఇక్కడి ఇంట ఇంగ్లీషు గొప్ప కోసం వచ్చిన భాష కాదు, అన్నం పెట్టే భాషగా వచ్చింది. అందువల్ల దాన్ని సరిగ్గా నేర్చుకోవాలన్న ఆరాటం న్యాయమైనది. ఆ ఆరాటానికి తగిన బోధన అందించడం మన బాధ్యత.

ఇప్పుడు బడిలో జరుగుతున్నదేమిటి? ఇంగ్లీషు పీరియడులో నిర్వచనం రాయిస్తారు. నామవాచకం గుణాన్ని తెలిపేది అడ్జెక్టివ్. క్రియనో, అడ్జెక్టివ్‌నో, మరో అడ్వర్బ్‌నో వివరించేది అడ్వర్బ్. అడ్జెక్టివ్‌కు ‘లీ’ చేరిస్తే అడ్వర్బ్ అవుతుంది. ఆ కింద ఇరవై ఖాళీలు, పూరించండి. రెన్, మార్టిన్ 1930ల్లో రాసిన వ్యాకరణ పుస్తకం నుంచి నేటి గైడ్ల దాకా ఈ వరస పెద్దగా మారలేదు. గంట కొట్టాక అదే తరగతిలోకి తెలుగు మాస్టారు వస్తారు. నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అంటూ ఐదు భాషాభాగాలు చెబుతారు. విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం, క్రియాజన్య విశేషణం చెబుతారు. పరీక్షలో మార్కులు వస్తాయి. కానీ ముందు పీరియడులోని అడ్జెక్టివ్, ఈ పీరియడులోని విశేషణం ఒకటేనన్న సంగతి పిల్లలకు ఎవరూ గట్టిగా చెప్పరు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఒకే పిల్లవాడి బుర్రలో రెండు వ్యాకరణాలు పరిచయం లేని ఇరుగుపొరుగుల్లా ఉండిపోతాయి.

వాటిని పరిచయం చేస్తే ఎంత తేలికవుతుందో చూడండి. తెలుగులో అందం అన్న నామవాచకం ఉంది. దానికి ‘ఐన’ చేరితే అందమైన, ‘గా’ చేరితే అందంగా. అందమైన ముగ్గు, అందంగా వేసింది. ఇంగ్లీషులో బ్యూటిఫుల్ ముగ్గు, బ్యూటిఫుల్లీ వేసింది. అంతవరకు రెండు భాషలూ జతగా నడుస్తాయి. ‘ఐన’ ఉన్నచోట విశేషణం, ‘గా’ ఉన్నచోట ‘లీ’. ఈ ఒక్క పోలిక చెబితే అడ్జెక్టివ్, అడ్వర్బ్ తేడా ఏడో తరగతి పిల్లకు పది నిమిషాల్లో పట్టుబడుతుంది. ఆ తేడా తనకు మూడేళ్ల వయసు నుంచే తెలుసని ఆ పిల్లకు అర్థమవుతుంది.

‘గుడ్’, ‘వెల్’ మధ్య తేడా చెప్పడానికి మాస్టర్లు చాలా కష్టపడతారు. గోదావరి జిల్లాల పిల్లకు ఆ కష్టం అక్కర్లేదు. మంచి పాట అంటుంది, బాగా పాడింది అంటుంది. ‘మంచి పాడింది’ అని కలలో కూడా అనదు. మంచికి బాగా ఎలాగో, గుడ్‌కు వెల్ అలాగే. ‘షీ సింగ్స్ గుడ్’ అని రాసిన పిల్ల చేత అదే వాక్యాన్ని తెలుగులో ‘మంచి పాడుతుంది’ అని పైకి చదివిస్తే చాలు. తప్పు ఎక్కడుందో తన చెవే చెబుతుంది.

రెండు దారులూ విడిపోయేది ‘ఉంది’ దగ్గర. తెలుగులో గుణం చెప్పేటప్పుడు ‘ఉండు’ అన్న క్రియకు ముందు మనకు ‘గా’ కావాలి. ఆమె అందంగా ఉంది. పులస పులుసు కమ్మగా ఉంది. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఇంగ్లీషులో ఈ చోట ‘లీ’ పనికిరాదు. అక్కడ ‘ఈజ్’ ఏ పనినీ చెప్పదు. నదికి ప్రశాంతతను, పులుసుకు కమ్మదనాన్ని కలిపి ఊరుకుంటుంది. అంటే ఆ మాట నదిని వర్ణిస్తోంది, నది చేసే పనిని కాదు. నదిని వర్ణించేది విశేషణమే కావాలి. అందుకే ‘కామ్’. పారుతోంది అన్నప్పుడు పని వచ్చింది, ఆ పని ఎలా జరుగుతోందో చెప్పాలి, అందుకే ‘కామ్‌లీ’.

దీన్నుంచి మన పిల్లల కోసం మన భాషలోనే ఒక సూత్రం తయారవుతుంది. ‘గా’ కనిపించినప్పుడు ఆ వెంట వచ్చే క్రియను చూడాలి. అది ఉండు, కనిపించు, అనిపించు, అవు వంటి క్రియ అయితే ఇంగ్లీషులో విశేషణం వాడాలి. రాయు, నడుచు, పాడు, వండు వంటి పని చెప్పే క్రియ అయితే క్రియావిశేషణం వాడాలి. నాన్న అలసటగా కనిపిస్తున్నాడు, కనుక ‘లుక్స్ టైర్డ్’. ఆకాశం నల్లగా అయింది, కనుక ‘బికేమ్ డార్క్’. అమ్మ నెమ్మదిగా మాట్లాడింది, కనుక ‘స్పోక్ సాఫ్ట్‌లీ’. ఒక్క మినహాయింపు చెప్పాలి. అన్న డ్రైవరుగా పనిచేస్తున్నాడు అన్నప్పటి ‘గా’ హోదాను చెబుతుంది, దానికి ఇంగ్లీషులో ‘యాజ్’ ఉంది. ఈ నాలుగు ముక్కలు మామూలు ఇంగ్లీషు గ్రామర్ పుస్తకాల్లో ఇలా కనిపించవు. ఆ పుస్తకాలు తెలుగు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. ఈ సూత్రాన్ని మన మాస్టారే చెప్పాలి.

ఈ మలుపు దగ్గర ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు కూడా తడబడతారన్నది పిల్లలకు చెప్పదగిన సంగతి. విచారంగా ఉంది అనడానికి ‘ఐ ఫీల్ బ్యాడ్’ అనాల్సినచోట ‘ఐ ఫీల్ బ్యాడ్‌లీ’ అనేవారు ఇంగ్లీషు దేశాల్లోనే ఉన్నారు. ‘ఫీల్’ అన్నది పనిలా కనిపించి మోసం చేస్తుంది, జాగ్రత్తగా మాట్లాడాలన్న తాపత్రయం ‘లీ’ని తెచ్చి తగిలిస్తుంది. వాళ్లకు లేని ఆధారం మన పిల్లకు ఉంది. బాధగా అనిపిస్తోంది అని తెలుగులో అనుకుంటే ‘అనిపించు’ కనిపిస్తుంది, దాంతో సూత్రం గుర్తొస్తుంది.

తెలుగు నుంచి పుట్టే మరో తప్పు ‘హీ ఈజ్ ఎ గుడ్’. వాడు మంచివాడు, అది పెద్దది అని మనం అంటాం. ఆ ‘వాడు’, ‘ది’ విశేషణాన్ని నామవాచకంలా నిలబెడతాయి. ఆ నిలబడటాన్ని పిల్లవాడు ఇంగ్లీషులో ‘ఎ’ పెట్టి చూపించాలనుకుంటాడు. ఇంగ్లీషులో ‘ఈజ్’ తర్వాత విశేషణం ఒంటరిగా నిలబడగలదు, ‘హీ ఈజ్ గుడ్’ అంటే చాలు. ‘ఎ’ పెడితే వెంట బాయ్ అనో మ్యాన్ అనో రావాలి. తన తప్పు వెనక తెలుగు వాక్యనిర్మాణం ఉందని తెలిసిన పిల్లవాడికి సిగ్గు ఉండదు, కుతూహలం కలుగుతుంది. భాషాశాస్త్రవేత్త చేకూరి రామారావు 1975లో ‘తెలుగు వాక్యం’ పుస్తకం వేసి మన వాక్యాల లోపలి నిర్మాణాన్ని విడమరిచారు. ఆ దృష్టి విశ్వవిద్యాలయాలు దాటి హైస్కూలు నల్లబల్ల దాకా రావలసి ఉంది.

‘ఐ యామ్ బోరింగ్’ అని ఒక పిల్లవాడు అంటే పక్కవాళ్లు నవ్వుతారు. నవ్వే ముందు తెలుగు చూడండి. పాఠం విసుగ్గా ఉంది. నాకు విసుగ్గా ఉంది. విసుగు పుట్టించేదానికీ, విసుగు పుట్టినవాడికీ తెలుగు ఒకే మాట వాడి, ‘నాకు’ అన్న విభక్తితో తేడా చూపిస్తుంది. ఇంగ్లీషుకు ఆ విభక్తి లేదు, కనుక విశేషణాన్నే మార్చుకుంటుంది. పాఠం ‘బోరింగ్’, నేను ‘బోర్డ్’. ఇంట్రెస్టింగ్, ఇంట్రెస్టెడ్, టైరింగ్, టైర్డ్ అన్నీ ఇదే దారి. తెలుగులో ‘నాకు’, ‘వాడికి’ అని వస్తే ఇంగ్లీషులో ‘ఎడ్’ ఉన్న రూపం వాడాలని చెబితే పిల్లలు మరిచిపోరు.

‘వెరీ’, ‘టూ’ కూడా అంతే. సంతోషం ఎక్కువైనప్పుడు ‘ఐ యామ్ టూ హ్యాపీ’ అని రాస్తారు. టూ అంటే ఇంకా ఎక్కువ అనుకుంటారు. మనకు చాలా అనే మాటా ఉంది, మరీ అనే మాటా ఉంది. తాపేశ్వరం కాజా చాలా తియ్యగా ఉంది అంటే మెచ్చుకోలు. మరీ తియ్యగా ఉంది అంటే ఫిర్యాదు, ఇంక తినలేనని అర్థం. వెరీ అంటే చాలా, టూ అంటే మరీ. ఉద్యోగానికి దరఖాస్తు రాసే యువతికి ఈ చిన్న తేడా ఎంతో అవసరం. మీ సంస్థలో పనిచేయడం సంతోషమని చెప్పబోయి, ఆ సంతోషం మితిమీరిందని చెప్పకూడదు కదా.

పోలిక చెప్పే పద్ధతి మరో ఉదాహరణ. కె.గంగవరం కంటే రామచంద్రపురం పెద్దది. తెలుగులో ‘కంటే’ ఒక్కటే పోలిక భారమంతా మోస్తుంది, పెద్ద అన్న మాట పెద్దగానే ఉండిపోతుంది. ఇంగ్లీషులో విశేషణమే రూపం మార్చుకుని ‘బిగ్గర్’ అవుతుంది. మన పిల్లవాడికి మాట లోపలి మార్పు బలంగా వినిపించదు. పోలిక తెలిసేలా ‘మోర్’ తెచ్చి ‘మోర్ బిగ్గర్’ అంటాడు. ‘ఎర్’ అన్న చిన్న చివర ఆ ‘మోర్’ చేసే పని ఇప్పటికే చేసేసిందని చెప్పాలి. ‘స్మాల్ స్మాల్ కెనాల్స్’, ‘స్లోలీ స్లోలీ’ కూడా మన సొంత సంపద నుంచి వచ్చినవే. చిన్న చిన్న కాలువలు, మెల్లమెల్లగా, గబగబా అంటూ మాటను రెట్టించి అర్థాన్ని పెంచుకోవడం తెలుగుకు ఇష్టమైన పద్ధతి. రెట్టించిన రెండో మాటను ఆమ్రేడితం అంటారని తెలుగు మాస్టారు సంధుల పాఠంలో చెప్పే ఉంటారు. ఇంగ్లీషు ఆ పని సాధారణంగా వేరే మాట చేర్చి చేస్తుంది, ‘మెనీ స్మాల్ కెనాల్స్’ అంటుంది.

ఇక మాటల వరస. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది, బాగా అన్న మాట దాని ముందు కూర్చుంటుంది. అతను ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు. ఇంగ్లీషులో క్రియ ముందుకు వస్తుంది, కర్మ దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, ‘వెల్’ ఆ రెండింటి మధ్య దూరకూడదు. ‘హీ స్పీక్స్ వెల్ ఇంగ్లీష్’ అన్న తప్పు అలా దూర్చడం వల్ల వచ్చేదే. ‘ఐ కేమ్ టుడే ఓన్లీ’ అన్న వాక్యంలో ఉన్నది మన ‘ఈ రోజే వచ్చాను’ అన్న మాటలోని ‘ఏ’. తెలుగులో ఆ ఏకారం తాను నొక్కి చెప్పే మాట చివర అతుక్కుంటుంది. పిల్లవాడు ‘ఓన్లీ’ని అలాగే అతికించాడు. రాతలో ఇంగ్లీషు దాన్ని ఆ మాటకు ముందు కోరుతుంది, ‘ఓన్లీ టుడే’ అంటుంది.

తెలుగు సాయపడని చోట్లు కూడా ఉన్నాయి, వాటిని దాచకూడదు. ‘ఫాస్ట్’కు ‘ఫాస్ట్‌లీ’ లేదు. ‘హార్డ్’కు ‘హార్డ్‌లీ’ ఉంది కానీ అర్థం తలకిందులవుతుంది. ‘ఐ వర్క్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తాను, ‘ఐ హార్డ్‌లీ వర్క్’ అంటే పనే చేయనట్టు లెక్క. ‘లేట్’ అంటే ఆలస్యంగా, ‘లేట్‌లీ’ అంటే ఈ మధ్య. ‘ఫ్రెండ్లీ’, ‘లవ్‌లీ’ చివర ‘లీ’ ఉన్నా అవి విశేషణాలే. ఇలాంటివాటిని బట్టీ పట్టమంటే మొద్దుబారిపోతాయి. కథ చెబితే నిలుస్తాయి. రాజమహేంద్రవరంలో నన్నయ భారతాన్ని తెనిగిస్తున్న 11వ శతాబ్దం నాటి ఇంగ్లీషులో విశేషణం చివర ఒక చిన్న అచ్చు చేరిస్తే క్రియావిశేషణం అయ్యేది. కాలం గడిచేకొద్దీ ఆ అచ్చు ఉచ్చారణలోంచి జారిపోయింది. ఫాస్ట్, హార్డ్ వంటి మాటలకు విశేషణం, క్రియావిశేషణం ఒకే రూపంలో మిగిలాయి. ‘లీ’ అన్నది శరీరం, ఆకారం అనే అర్థమున్న పాత మాట నుంచి వచ్చింది. స్నేహితుడి వంటి, ప్రేమ వంటి అని విశేషణాలను కూడా అది పుట్టించింది. ఆ పుట్టుక తెలిస్తే ఫ్రెండ్లీ విశేషణం ఎందుకయిందో తెలుస్తుంది.

తర్వాత 18వ శతాబ్దంలో ఇంగ్లండులో వ్యాకరణవేత్తలు వచ్చారు. రాబర్ట్ లౌత్ 1762లో, లిండ్లీ మరే 1795లో తమ వ్యాకరణాలు ప్రచురించారు. క్రియావిశేషణానికి ‘లీ’ ఉండి తీరాలన్న పట్టుదల ఆ కాలంలో గట్టిపడింది. అంతకుముందు నుంచీ వాడుకలో ఉన్న పాత రూపాలు తప్పుల జాబితాలోకి చేరాయి. అయినా రోడ్డు పక్క బోర్డు మీద ‘గో స్లో’ అని ఇప్పటికీ ఉంది, అది తప్పేమీ కాదు. ఇంగ్లీషు కూడా తెలుగులాగే మనుషులు వాడి వాడి మార్చుకున్న భాష. ఈ ఎరుక పిల్లల్లో భయాన్ని తగ్గిస్తుంది. నియమం నేర్చుకోవాలి, పరీక్షలోనూ ఉత్తరంలోనూ పాటించాలి. ఆ నియమం ఎక్కడినుంచి వచ్చిందో తెలిసి పాటించడంలో గౌరవం ఉంది.

ఇప్పుడు మొదట చెప్పిన కారణానికి వద్దాం. కె.గంగవరం మండలంలోనే మసకపల్లి ఉంది. కళాప్రపూర్ణ దువ్వూరి వేంకటరమణశాస్త్రి గారు 1898లో పుట్టింది ఆ ఊళ్లోనే. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణానికి ఆయన రాసిన వ్యాఖ్య పేరు రమణీయం. బాలవ్యాకరణం పేరుకు బాలలది గానీ, క్లుప్తంగా బిగించిన సూత్రాల గ్రంథం. గురువు విప్పి చెబితే తప్ప అందదు. రమణీయం ఆ సూత్రాలను విడమరిచి, ఎందుకు అలా చెప్పవలసి వచ్చిందో వివరించి, తరతరాల తెలుగు విద్యార్థులకు దగ్గర చేసింది. శాస్త్రిగారు 1976లో కన్నుమూశారు. సూత్రాన్ని అప్పజెప్పించడం వేరు, సూత్రం వెనక ఉన్న కారణాన్ని చూపించడం వేరని నేర్పిన మనిషి పుట్టిన మండలం ఇది. ఇక్కడి పిల్లలు ఏ భాష వ్యాకరణాన్నయినా కారణం తెలియకుండా బట్టీ పట్టవలసి రావడం విచారకరం.

భాషను భాషతో పోల్చి నేర్చుకునే పని మనకు కొత్త కాదు. తెలుగు నేర్చుకోవడానికి వచ్చిన ఇంగ్లీషువాళ్లు సరిగ్గా ఇదే చేశారు. ఎ.డి.క్యాంబెల్ 1816లో, సి.పి.బ్రౌన్ 1840లో, ఎ.హెచ్.ఆర్డెన్ 1873లో తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణాలు రాశారు. తమవాళ్లకు తెలుగు ఎక్కడ కొత్తగా ఉంటుందో, ఎక్కడ తడబడతారో గమనించి, వాళ్ల భాషలోనే విప్పి చెప్పారు. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్.గ్విన్ 1985లో ఆధునిక తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం రాశారు. పర్లాకిమిడి ప్రాంతంలో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చి, ఆ భాషలోనే పుస్తకాలు రాసి, సవర పిల్లలకు చదువు చెప్పే బడులు పెట్టించారు. పిల్లవాడి ఇంట్లో ఉన్న భాష నుంచే చదువు మొదలవాలన్నది ఆయన జీవితం చెప్పిన పాఠం. ఇంగ్లీషువాడు తెలుగు నేర్చుకోవడానికి తన భాష సాయం తీసుకోవడం తప్పు కానప్పుడు, మన పిల్ల ఇంగ్లీషు నేర్చుకోవడానికి తెలుగు సాయం తీసుకోవడం తప్పెలా అవుతుంది?

ఒక అభ్యంతరం ఉంది, అందులో నిజం కూడా ఉంది. ప్రతి మాటనూ తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చుకుంటూ పోతే ధారాళంగా మాట్లాడటం ఎప్పటికి వస్తుంది అని ఇంగ్లీషు టీచర్లు అడుగుతారు. ధారాళం వినడం వల్ల, మాట్లాడటం వల్ల, చదవడం వల్లే వస్తుంది. కథలు చదివించాలి, రేడియో వినిపించాలి, క్లాసులో భయం లేకుండా మాట్లాడించాలి. వాటికి వ్యాకరణం బదులు కాదు. కానీ వ్యాకరణం చెప్పాలని నిర్ణయించుకున్న ఆ పీరియడులో, తప్పు ఎక్కడినుంచి వచ్చిందో చూపించే ఆ పది నిమిషాల్లో, తెలుగును మించిన సాధనం లేదు. తేడా ఒకసారి స్పష్టంగా కనబడ్డాక పిల్లలే తెలుగును పక్కన పెట్టి ముందుకు పోతారు.

మాధ్యమం మీద మన రాష్ట్రంలో చాలా వాదన జరిగింది. 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమానికి ఉత్తర్వులు వచ్చాయి, 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి వరకు వీలైనచోట ఇంటి భాషలో చదువు ఉండాలని చెప్పింది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు కూడా పిల్లల చేతికి వచ్చాయి. ఎవరు ఏ పక్షాన ఉన్నా ఒక్క విషయంలో తేడా ఉండనక్కర్లేదు. ఎదురెదురు పేజీల్లో రెండు భాషలు అచ్చు వేసినంత మాత్రాన పిల్లవాడి బుర్రలో అవి కలవవు. ‘గా’ ఎక్కడ ‘లీ’ అవుతుందో, ఎక్కడ కాదో చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి మాస్టారే.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్లల ఇంగ్లీషు విని నవ్వకండి, నలుగురిలో సరిదిద్దకండి. ‘ఫాస్ట్‌లీ’ అన్న పిల్ల ఒక నియమాన్ని పట్టుకుందని, దాన్ని ఒక అడుగు ఎక్కువ వాడిందని గుర్తుంచుకోండి. ఆ పిల్ల ఆలోచిస్తోంది. ఒకసారి నవ్వుల పాలైన పిల్ల మరుసటి రోజు నోరు విప్పదు. అప్పుడు పోయేది ఒక అడ్వర్బ్ కాదు, మొత్తం భాషే.

ఆగస్టు 29న గిడుగు జయంతి. తెలుగు భాషా దినోత్సవంగా బడుల్లో ప్రసంగాలు, పద్యాల పోటీలు పెడతాం. ఈసారి కె.గంగవరం మండలంలోని ప్రతి హైస్కూల్లో, వీలైతే జిల్లా అంతటా, ఆ రోజు ఒక పీరియడును తెలుగు మాస్టారు, ఇంగ్లీషు మాస్టారు కలిసి చెప్పాలని కోరుతున్నాం. బల్లకు ఒకవైపు విశేషణం, క్రియావిశేషణం. రెండోవైపు అడ్జెక్టివ్, అడ్వర్బ్. పిల్లల చేతే తెలుగు వాక్యాలు చెప్పించండి, వాటిని పిల్లల చేతే ఇంగ్లీషులోకి తెప్పించండి, ఎక్కడ కలిశాయో ఎక్కడ విడిపోయాయో వాళ్లనే కనిపెట్టనివ్వండి. దీనికి ప్రత్యేక నిధులు అక్కర్లేదు, ఉత్తర్వులు అక్కర్లేదు. ఇద్దరు టీచర్లు ఒక్క తరగతి గదిలోకి కలిసి అడుగుపెడితే చాలు.